చప్పుడు లేని కంప్యూటర్

మా అన్నయ్య చైతన్యకృష్ణకి తెలివి లేదని నేననను. ఉంది. దాన్ని ఎప్పుడూ తప్పుడు పనికే వాడతాడు, అంతే.

ఇంజినీరింగ్‌లో తప్పిన సబ్జెక్టులు తప్పినట్టే ఉండగా, 2005 వేసవి ముందు వాడికో మహా కోరిక పుట్టింది. గుంటూరులో ఇంకెవరి దగ్గరా లేనంత బలమైన కంప్యూటర్ కావాలి. దేనికయ్యా అంటే, తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆటలు ఆడటానికి! ఆ ముక్క మా నాన్న బుల్లయ్య ముందు అనలేదు లెండి. "సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటా నాన్నా" అన్నాడు. రైతు నీళ్ళు చల్లి తెచ్చిన మిర్చి టిక్కీ బస్తాని కట్టు విప్పకుండానే కనిపెట్టేస్తాడు మా నాన్న. కొడుకు మాటల్లో నీళ్ళెంతో మాత్రం ఏనాడూ కనిపెట్టలేడు.

కంప్యూటర్ హాల్లో పెడితే నాన్న వస్తూ పోతూ చూస్తాడు. అందుకని దొరగారికి నా గది కావాల్సి వచ్చింది.

ఏటుకూరు రోడ్డులో మా ఇల్లు. ముందు ఇల్లు, వెనక మిరపకాయల గోడౌన్. వరండాలో రైతులు, హాల్లో టీవీ. పుస్తకం తెరిచి కూర్చోగలిగే చోటు ఆ గోడౌన్ గోడని ఆనుకున్న నా గది ఒక్కటే. నేను రెండోసారి ఎంసెట్ రాస్తున్నాను. ఈసారి మెడిసిన్ సీటు రాకపోతే ఇక చదివింది చాలని నాన్న ముందే తేల్చేశాడు. బ్రాడీపేటలో కోచింగ్ పక్కనే హాస్టలుంది, చేరతానని ఎన్నిసార్లు మొదలుపెట్టానో! "నాన్నా, నేను హాస్ట..." అనేలోపే "ఇంత ఇల్లు పెట్టుకుని హాస్టలేంటే" అని కొట్టిపారేసేవాడు.

"నీకసలు అది గదిలో ఉన్నట్టే తెలీదే జ్యోతీ. చప్పుడే లేకుండా కట్టిస్తా" అన్నాడు అన్నయ్య.

కట్టడానికి వాసిం వచ్చాడు. అన్నయ్యకి స్నేహితుడు, బ్రాడీపేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తాడు. మా గుమ్మం తొక్కగానే తుమ్ముతాడు పాపం. ఎప్పుడొచ్చినా అంతే. "ఏం ముక్కురా నీది!" అని అన్నయ్య పడీ పడీ నవ్వుతాడు. మా ఇంట్లో అందరి ముక్కులూ ఎప్పుడో చచ్చిపోయాయి. పుట్టిందే ఆ ఘాటులో. నాకు మాత్రం ఆ సంగతి కోచింగ్‌లో తెలిసింది. నా పక్కన కూర్చున్న పిల్ల గంటసేపు తుమ్మి తుమ్మి, చివరికి పుస్తకాలు ఎత్తుకుని వెనక బెంచీకి పోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పట్నుంచీ కిటికీ సందుల్లో కాగితాలు కూరి, బట్టలు మేడ మీద ఆరేస్తున్నాను.

ఇద్దరూ నా బల్ల మీదే టీ గ్లాసులు పెట్టుకుని పథకం వేశారు. నా జువాలజీ పుస్తకం మీద ఇప్పటికీ ఆ మరకలున్నాయి.

"బలం కావాలంటే వేడి తప్పదురా" అన్నాడు వాసిం. "వేడికి ఫ్యాన్లు కావాలి. చిన్న ఫ్యాన్ గిర్రున తిరిగితే గోల. పెద్ద ఫ్యాన్లు నిదానంగా తిరిగితే చప్పుడుండదు. నువ్వు ఆ గ్రాఫిక్స్ కార్డు కాస్త చిన్నది తీసుకో, అన్నీ సర్దుకుంటాయి."

"చిన్నదా? నేనా? నవ్వుతారెహె!"

ఏం చెప్తాం! కొండంత కార్డు కొన్నాడు. అది రొద పెడుతుంటే అమ్మ పరుపు విప్పి, దూది తీసి, కంప్యూటర్ డబ్బా లోపల చుట్టూ కూరాడు. దూది చప్పుడు మింగేస్తుందట! కమురు వాసన రాగానే వాసిం పరిగెత్తుకొచ్చి లాగేశాడు కాబట్టి ఇల్లు మిగిలింది. అమ్మ కోటిరత్నం ఆ రాత్రి చాప మీద పడుకుంది. పొద్దున్నే లేచి కొడుక్కి అట్లు పోసింది.

అప్పుడు పుట్టింది అసలు పథకం. నా గది గోడకి కన్నం కొట్టి, డబ్బాని అవతల గోడౌన్లో పెడతారట. మానిటర్, కీబోర్డు ఇవతల నా గదిలో. గోడౌన్ చల్లగా ఉంటుంది, గోల అటే పోతుంది. ఆహా! నాన్నకి తెగ నచ్చింది. ఒకటే షరతు పెట్టాడు.

"వేడి మాత్రం సరుక్కి తగలకూడదురోయ్. కాయ రంగు పోద్ది."

"తగలదు నాన్నా. గాలి గోడౌన్లోంచి లాక్కుని, వేడిని ఈ కన్నంలోంచి ఇటు వదిలేలా పెడతాం."

ఇటంటే నా మొహం మీదికి.

"గోడౌన్లో దుమ్ము..." అన్నాను.

"నువ్వు నోరు మూసుకుని చదువుకోవే" అన్నాడు నాన్న.

"అవును బాబాయ్, లోపలంతా ఘాటు కదా" అన్నాడు వాసిం, తుమ్ముల మధ్య.

నాన్న గట్టిగా గాలి పీల్చి చూశాడు. "ఏం ఘాటు? నాకేం తెలీట్లేదే!"

"నాకూ తెలీట్లేదు" అన్నాడు అన్నయ్య.

రెండు చచ్చిన ముక్కులు తీర్పిచ్చేశాయి. మర్నాడే మేస్త్రీ వచ్చి గోడ పగలగొట్టాడు.

ప్రారంభోత్సవం కూడానూ! మానిటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మిర్చి యార్డులో నాన్నతో పాటు వ్యాపారం చేసే బాపయ్యగారిని పిలిచారు. నా బల్లని మూలకి నెట్టారు. నేను మూలన నిలబడి, చున్నీ తడిపి ముక్కుకి కట్టుకున్నాను. "ఏంటే ఆ వేషం!" అని అన్నయ్య వెక్కిరించి, స్విచ్చి వేశాడు.

నిజం చెప్పాలి, చప్పుడు లేదు.

"విన్నావా బాపయ్యా?" అన్నాడు నాన్న గర్వంగా.

"ఏముంది వినటానికి?"

"అదేనయ్యా నేననేది!"

అవతల గోడౌన్లో కూలికొచ్చిన బసవమ్మ వాళ్ళు కాయలకి తొడిమలు తీస్తున్నారు. ఆ ధూళినంతా పెద్ద ఫ్యాన్లు నిదానంగా లాక్కుని, వెచ్చబెట్టి, నా గదిలోకి పంపడం మొదలుపెట్టాయి. ముందు వాసిం తుమ్మాడు. వాడి తుమ్ము ఎవరిక్కావాలి? తర్వాత బాపయ్యగారు దగ్గారు. ఆ తర్వాత మా నాన్న! పుట్టి బుద్ధెరిగాక మిరపకాయకి మా నాన్న దగ్గగా చూడటం అదే మొదటిసారి. కాగిన కారం చచ్చిన ముక్కుల్ని కూడా లేపి కూర్చోబెట్టింది.

"ఫ్యా... ఫ్యాన్ వెయ్యవే!" అన్నాడు.

చెప్పిన మాట వినే పిల్లని కదా. సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెట్టాను.

ఇక చూడాలి. బాపయ్యగారు గుమ్మం పట్టుకుని వంగిపోయారు. అన్నయ్య కళ్ళు నలుపుకుని, ఆ చేతులకీ కారమే ఉండటంతో గావుకేక పెట్టాడు. గదిలో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే. చున్నీ కాస్త పక్కకి తీశాను.

"నాన్నా, నేను బ్రాడీపేట హాస్టల్లో చేరతాను. రేపే వెళ్తాను. పరీక్షయ్యేదాకా ఇంటికి రాను."

మా ఇంట్లో నేనొక మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పడం అదే మొదలు. నాన్న కాదనడానికి నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. చెయ్యెత్తాడు. మళ్ళీ దగ్గే.

వాకిట్లోంచి అమ్మ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అంది. "పోవే తల్లీ, పో. అక్కడన్నా చదువుకో."

తర్వాత వాసిం డబ్బా విప్పితే లోపలంతా ఎర్రగా కారం పేరుకుని ఉందట. కార్డు కాలిపోయింది. ఇదంతా నేను ఫ్యాన్ వెయ్యబట్టే జరిగిందని నాన్న ఇప్పటికీ యార్డులో చెప్తుంటాడు. చెప్పుకోనీ.

మర్నాడు హాస్టల్లో నా ట్రంకుపెట్టె తెరిచాను. పక్క మంచం మీది అమ్మాయి తుమ్మింది. ఎలీసమ్మ తన పేరు, చీరాల నుంచి వచ్చింది. ఆగి, మళ్ళీ తుమ్మింది.

"మిరపకాయలు తెచ్చావా ఏంటి?"

"లేదు" అన్నాను. "అది మా ఇల్లు."

బట్టలన్నీ బకెట్లో నానబెట్టి వచ్చి, పుస్తకం తెరిచాను. ఎలీసమ్మ ఇంకోసారి తుమ్మి, నిదానంగా తిరిగే పాత ఫ్యాను కింద నా మంచం వైపుకే జరిగి కూర్చుంది.