నాలుగో పడవ

బాస్తియాన్ కుంచె కొసను గుడ్డకి తుడిచి, ఇంకో టోపీవాణ్ణి కిటికీలో నిలబెట్టాడు. వెనిస్ పెద్ద కాలువ మీద పడవపందెం బొమ్మ అది. మేడలూ ఆకాశమూ అయ్యగారు తొమాజో వేస్తారు. జనం బాస్తియాన్ వంతు. కందిగింజంత తల, ఎర్రచుక్క చొక్కా, నల్లగీత తెడ్డు. కుర్రతనం నుంచీ ఇదే పని. ముక్కుకి ఆనించుకుని చూసీ చూసీ కళ్ళు అంతవరకే పనికొచ్చేవి. చెయ్యి చాపినంత మేర దాటితే అంతా మసకే. ఎన్ని పందేలు వేశాడో! ఒక్కటీ కళ్ళారా చూసింది లేదు.

ఇవాళ అసలు పందెం. తెడ్డు వెయ్యడానికి వెళ్తూ పొద్దున అన్న మెనెగో లోపలికి తొంగిచూశాడు.

"ఒరే, బొమ్మలో నా పడవ ముందు పెట్టరా."

"నువ్వు ముందొస్తే కదా!"

"ఈ వయసులో వస్తానట్రా? అందుకే నిన్నడుగుతున్నా." ఎడమ భుజం నొక్కుకుంటూ నవ్వాడు. "రాత్రంతా ఒకటే లాగుడు. మీ వదిన వెళ్ళొద్దని గోల."

"మరెందుకు వెళ్ళడం?"

"ఇంట్లో కూర్చుంటే తగ్గుతుందా?"

అది హాస్యమో కాదో బాస్తియాన్‌కి అంతుపట్టలేదు. ఆపవలసిందా? అడ్డం పడితే ఆగే మనిషేనా? చేతిలో కుంచె ఉంది గనక ఇంకో తల వేశాడు.

పందెం మొదలని ఫిరంగి పేలింది. కిటికీలోంచి చూస్తే రంగులన్నీ కలిసి పారుతున్నట్టే ఉంది.

"ఓర్సెతా, మా అన్నెక్కడ?" పక్క కిటికీలోని చాకలామెని అడిగాడు.

"ముందున్నాడు! కాదు కాదు, వాడెవడో. అయ్యో, వెనకబడ్డాడు!"

"మెనెగో నీళ్ళలో పడ్డాడు!" కింద ఎవరో అరిచారు.

"పడింది వేరేవాడోయ్, గుడ్డివెధవా!" పక్కవాడు అతన్ని కసిరాడు.

బాస్తియాన్ రంగుల గుడ్డతోనే పరిగెత్తాడు.

"ఎక్కడికయ్యా?" అయ్యగారు కేకేశారు.

"తెలీదయ్యగారూ!"

పందెం ముగిసే చోట జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. మెనెగో రాతిమెట్టు మీద కూర్చున్నాడు, ఒళ్ళో పందిపిల్ల. నాలుగోవాడి బహుమతి అదే. చుట్టూ జనం విరగబడి నవ్వుతున్నారు.

"చూశావురా?"

"చూశాను."

"ఎలా వచ్చాను?"

"అందరికంటే ముందు."

"అబద్ధాలకోరు వెధవా!" మెనెగో మొహం వెలిగింది. "ఇదిగో, దీన్ని పట్టుకో. ఊపిరాడనివ్వట్లేదు."

పక్కన కూర్చున్న తమ్ముడి భుజానికి తల ఆనించాడు. పందిపిల్ల కీచుమంటూ గింజుకుంది. జనం ఇంకా నవ్వారు. ఎందుకో తెలీకుండానే బాస్తియానూ నవ్వాడు. భుజం మీద బరువు పెరుగుతోంది.

"అన్నా, లే. వదినకి చూపిద్దాం."

బాస్తియాన్ వంగి చూశాడు. ఇంత దగ్గర్నుంచి అతని కళ్ళు మోసపోవు. తెరిచి ఉన్న అన్న కంట్లోకి నుదుటి చెమట జారింది. రెప్ప పడలేదు.

పందిపిల్లని ఎవరో అందుకున్నారు. నలుగురు మెనెగోని ఎత్తుకుని వదిన దగ్గరికి నడిచారు. ఆమెతో ఏమని చెప్పాలో తెలీక బాస్తియాన్ వాళ్ళ వెనకే వెళ్ళాడు.

మెట్లకి కట్టేసిన ఖాళీ పడవలో, అడ్డచెక్క మీద, మెనెగో విప్పి పడేసిన పచ్చ నడికట్టు తడితడిగా వేలాడుతోంది.