డెక్కలో సందు

మా పంచాయతీ చెరువులో చేపలు లేవని తేలితే వేలంపాటకు పెడతారట. పాడుకున్నవాడు నీళ్ల మీది గుర్రపుడెక్కంతా లాగించి, చెరువులో మందు చల్లి, బొచ్చె చేపపిల్లలు పోసుకుంటాడు. చుట్టూ ముళ్లకంచె వేస్తాడు. ఇక నా గాలం అటకెక్కాల్సిందే.

ఆరుద్ర కార్తెలో ఒక పొద్దున చేపల ఆఫీసు నుంచి దీప్తి గారనే అమ్మాయి వచ్చింది. చెరువులో ఏమున్నాయో చూసి రాసుకుపోవాలట. విసురువల వెయ్యడానికి నాంచారయ్యను వెంట తెచ్చింది. అతను సముద్రం మీద బతికినవాడు. నడి చెరువులోకి ఆరుసార్లు విసిరాడు. రెండు జెల్ల చేపలు, ఒక పాత చెప్పు వచ్చాయి.

"ఆ చెప్పు కూడా రాసుకోండి మేడం," అన్నాడు వార్డు మెంబరు బాలస్వామి. పాట పెట్టాలని తొందర అతనికే.

దీప్తి గారు పెన్ను తీసింది.

నలభై ఏళ్లుగా ఆ గట్టు మీద కూర్చుంటున్నాను. చేపలు ఎక్కడ పడ్డాయని అడిగితే "పడ్డాయి" అంటాను. చోటు మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఆ పెన్ను చూశాక నోరు విప్పక తప్పలేదు.

"వల నీళ్ల మీద వేశాడమ్మా. చేపలు డెక్క కిందున్నాయి."

"శోభనాద్రి మావయ్య మాట్లాడాడు. ఇయ్యాల వాన పడుద్ది," అన్నాడు బాలస్వామి.

తూము దగ్గరికి తీసుకెళ్లాను. డెక్కలో చేటంత సందు ఉంది. రోజూ కర్రతో నేను తీసిందే. అందులో కుంకుమ చల్లినట్టు చేపపిల్లల గుంపు. వాటి కింద నల్లటి నీడ.

"కొర్రమీను. పిల్లల్ని కాస్తోంది."

"గాలమేసి పైకి లాగు మావయ్యా. లేకపోతే ఎవరు నమ్ముతారు?"

"పిల్లలున్నదాన్ని పట్టం."

నాంచారయ్య వల భుజాన వేసుకున్నాడు. "నిజమేనండీ. మేమైనా పట్టం."

దీప్తి గారు మోకాళ్ల మీద కూర్చుని చూసింది. పిల్లలు పైకొచ్చి బుడగలు వదిలాయి. పది అడుగుల అవతల ఇంకో గుంపును ఆమే కనిపెట్టింది.

"చేపలు వాటంతటవే పెరుగుతున్నాయండీ. పాట వద్దని రాస్తాను," అంది.

మర్నాడు వెళ్లేసరికి తూము దగ్గర ఆరు గాలాలు. ఏడోది బాలస్వామిది.

"పిల్లలున్నదాన్ని పట్టంలే మావయ్యా. దాని పక్కదాన్నే."

నేను కర్ర తీసుకుని అవతలి గట్టుకు నడిచాను. సాయంత్రం బుట్టతో వస్తుంటే అడ్డం వచ్చాడు.

"ఎక్కడ పడ్డాయి?"

"పడ్డాయి," అన్నాను.