వీపు వెనక గీత

పడవలో కూర్చుని తెడ్లు లాగేవాడి వీపు ముందుకి పోతుంది, మొహం వదిలొచ్చిన ఒడ్డువైపే ఉంటుంది. ఎక్కడైనా అంతే. ఈ ముక్క సైనిక స్థావరం వాళ్లకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా చెవికెక్కలేదో గాని, పాయకి అడ్డంగా హద్దు గీతలా పసుపు ప్లాస్టిక్ బుడ్లు తేలగట్టి, దాటినవాడి పడవ జప్తు చేస్తామని బోర్డు పెట్టి చేతులు దులుపుకున్నారు.

సరంగుకి ఆ బుడ్లు కనపడవు. అందరూ సరంగు అని పిలిచే ఆ ముసలాయనకి బ్రహ్మచెవుడు. మెడ పట్టేసి ఏళ్లయింది. వెనక్కి చూడాలంటే మనిషంతా తిరగాలి. పీతల బుట్టలు వేసే చోటికి ఆయనకి తెలిసిన దారి ఒకటే. ఒడ్డున ఉన్న నీళ్ల ట్యాంకునీ, దాని వెనక మిల్లు గొట్టాన్నీ ఒకే వరసలో పెట్టుకుని లాగడం. పెళ్లికి ముందునుంచీ అదే వరస. ఇప్పుడు ఆ వరసలోనే పోతే తిన్నగా నిషేధించిన నీళ్లలోకే. సగం దూరంలో పక్కకి మళ్లి, చుట్టు తిరిగి పోవాలి.

"కాస్త ముందుకు తిరిగి కూర్చో నాన్నా," అని కూతురు సైగలతో, అరుపులతో చెప్పి చూసింది. రేవు పక్క షెడ్డులో వలల చిరుగులు కుట్టే పని ఆమెది.

"ముందుకు చూస్తూ ఈదేవి బాతులు. నేను బాతునా?" అన్నాడాయన.

ఆ మొండిఘటంతో వేగలేక చివరికి ఆమే ఉపాయం ఆలోచించింది. ఆయన మొహం ఎలాగూ ఒడ్డువైపే కనక తను రేవు చివర నిలబడుతుంది. చెయ్యెత్తితే దారి బాగుంది, లాగు. ఎర్ర గుడ్డ ఊపితే మళ్లు. చెవులు పోయినా ఆయన చూపు మాత్రం డేగ చూపు. ఎండాకాలమంతా అలాగే గడిచిపోయింది. పని మధ్యలో లేచిపోతోందని షెడ్డు మేస్త్రి సణిగినా ఆమె లెక్కచెయ్యలేదు. అమ్మ పోయినప్పుడు మంచం పట్టిన మనిషిని లేపి నిలబెట్టింది ఆ పడవే. అది పోతే మళ్లీ లేవడని ఆమె భయం.

ఆ ఉదయం ఆయన పడవ తోసుకుపోయాక ఆమె గుడ్డ పట్టుకుని వచ్చేసరికి రేవు చివర ఒక సిపాయి ఉన్నాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడే.

"ఇక్కడ నిలబడకూడదమ్మా. నిన్నటినుంచి ఈ ఒడ్డు కూడా మాదే."

"ఒక్క నిమిషం సార్. పడవలో మా నాన్న. ఈ గుడ్డ ఊపేసి వెళ్లిపోతాను."

"సైగ చేస్తావా? ఇక్కడ పడవలకి సైగలు చెయ్యడం ఇంకా పెద్ద నేరం." చంటిపిల్ల చేతిలో కత్తెర తీసుకున్నట్టు మెల్లగా గుడ్డ తీసేసుకుని, ఆమెని నాలుగడుగులు వెనక్కి నడిపించాడు.

తండ్రి మెడ సంగతీ, చెవుడు సంగతీ, వరస సంగతీ ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అతను అంతా విన్నాడు. పాపం అన్నాడు కూడా.

"మరి మీ వాళ్లకి ఫోన్ చెయ్యండి సార్. తెలీక వస్తున్నాడని చెప్పండి."

"నాది ఒడ్డు డ్యూటీ అమ్మా. నీళ్ల డ్యూటీ వేరేవాళ్లది. వాళ్ల నంబరు నా దగ్గరుండదు."

ఒడ్డుకీ నీళ్లకీ మధ్య ఉన్నది జానెడు తడి ఇసుక. ఆ జానెడు మేర ఒక్క మాట దాటించే నాథుడు లేకపోయాడు. ఇంత పెద్ద స్థావరం, ఇన్ని తుపాకులు!

పడవ మళ్లాల్సిన చోటుకి వచ్చింది. కూతురు ఉండాల్సిన చోట లేదు. వెనగ్గా, యూనిఫాం పక్కన ఉంది. సరంగుకి ఏదో తేడాగా తోచినట్టుంది, తెడ్లు పైకెత్తి ఆగాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అలాగే ఉండు నాన్నా, ఉండు అనుకుంది. కాని పోటు తగ్గి సముద్రంకేసి లాగుతున్న నీళ్లు ఊరుకుంటాయా? పడవ నెమ్మదిగా బుడ్లకేసి జారుతోంది. అవతల కాపలా బోటు ఇంజను అందుకుంది.

ఆమెకి ఒళ్లు తెలియలేదు.

"నాన్నా! వద్దు! వెనక్కి!" అని గొంతు చించుకుని అరుస్తూ రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

అరుపు ఆయనదాకా పోలేదు. చేతులు కనిపించాయి. ఎప్పుడూ ఒక చెయ్యే ఎత్తేది, ఇవాళ రెండూ ఎత్తిందంటే దారి మరీ బాగుందనుకున్నాడు కాబోలు, తెడ్లు నీళ్లలోకి దించి మునుపటికంటే బలంగా లాగాడు.