మరక పడకూడని చలికోటు

నేను ఒక చలికోటును. కొండలెక్కే శూరుల కోసమని మెడపట్టీ మీద గొప్పగా రాసుంటుంది. పుట్టింది మాత్రం చెమటలు కారే చోట, విశాఖ దాటాక సముద్రపొడ్డున ఉన్న కుట్టు కంపెనీలో. నా జేబులు కుట్టింది లంబసింగి పిల్ల రాజులమ్మ. జేబు మూలన రెండుసార్లు వెనక్కి కుట్టి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసేది. ఆ చెయ్యి తీయబుద్ధయ్యేది కాదేమో, "మా అయ్యకి ఇలాటిదొకటుంటేనా!" అని పక్క మిషనావిడతో అనేది. ఆ మాటతోనే, నేనింకా చూడని ఆ ముసలాయన మీదికి నా మనసు పోయింది.

ధర చీటీ వేరే ఊళ్లో తగిలించారు. పన్నెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది! నాలో బంగారు దారమేమైనా కలిపారా అని నాకే అనుమానం వచ్చింది.

విశాఖ షాపులో శశిధర్ అనే ఆయన ఆ చీటీ చూసి భగ్గుమన్నాడు. "గుడ్డకా, పేరుకా ఈ రేటు? పట్టపగలు దోపిడీ కాదూ!" అన్నాడు. అన్నాడే గానీ కొన్నాడు. పదిహేను రోజుల్లోగా వాపసు తీసుకుంటామని రసీదు మీద ఉంది మరి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. చీటీ తెంపకుండా నా చేతి లోపలికి దోపి, లంబసింగి మంచు చూడ్డానికి బయల్దేరాడు.

అక్కడ తెల్లవారుజామున రోడ్డు పక్క టీ కొట్టులో ఆగాడు. తువ్వాలు కప్పుకుని వణుకుతూ టీ కాస్తున్నాడు గంగన్నదొర. సెలవు మీద వచ్చిన కూతురు గ్లాసులు కడుగుతోంది. రాజులమ్మే! నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నిప్పురవ్వ పడుతుందని శశిధర్ నన్ను విప్పి ఆమె చేతికిచ్చాడు. జేబు మూల తగిలిందో లేదో, "ఓలమ్మో! ఇది నా కుట్టే బాబూ!" అంది.

శశిధర్ మురిసిపోయాడు. "అయితే మీ నాన్నకి ఒక్కసారి వెయ్యమ్మా" అన్నాడు.

గంగన్నదొర నన్ను తొడుక్కుని, చేతిలోని వెలిగించని చుట్ట అలవాటుగా జేబులో వేసుకున్నాడు. కాసేపటికి ఆ భుజాల వణుకు ఆగింది. "ఎచ్చగుందే అమ్మీ" అన్నాడు. నేను దేనికి పుట్టానో అప్పుడు తెలిసింది.

అంతలో నా చేతి అంచులోంచి చీటీ జారి వేలాడింది. రాజులమ్మ చదివి, "ఇదొక్కటే ఇంతా బాబూ?" అంది.

"అందుకేగా రేపు తిరిగిచ్చేస్తున్నా. జాగ్రత్తమ్మా, మరక పడితే తీసుకోరు."

టీ గ్లాసు అందుకోబోయిన గంగన్నదొర చెయ్యి ఆగిపోయింది. ఆయనే నన్ను విప్పాడు. చుట్ట తీసుకుని, దులిపి, మడతపెట్టి ఇచ్చాడు. "మాయి పొగసూరిన సేతులు బాబూ" అని మళ్లీ తువ్వాలు కప్పుకున్నాడు. రాజులమ్మ నావైపు చూడలేదు.

షాపులో వాపసుకు కారణమేంటని అడిగితే శశిధర్ "ధర ఎక్కువ" అన్నాడు. వాళ్లు కొత్త చీటీ తగిలించారు. పైన పద్దెనిమిది వేలు, దాని మీద ఎర్రగీత. కింద తగ్గింపు ధర అని పాత పన్నెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదే.

ఇప్పుడు ఏసీ గాలికి వేలాడుతున్నాను. చలి ఆయన దగ్గరుంది, వెచ్చదనం నా దగ్గరుంది. వాపసు తీసుకున్న రోజున జేబులన్నీ దులిపారు గానీ, రాజులమ్మ కుట్టిన ఆ మూలలో రెండు పొగాకు తునకలు మిగిలిపోయాయి. వచ్చినవాళ్లు జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా, అవి రాలిపోతాయేమోనని భయపడుతుంటాను.