రెక్కల దూడ బరువు

ఆ ఇంట్లో కూరగాయల సంచి నేరుగా వంటింట్లోకి వెళ్లదు. ముందు నానమ్మ కుడి అరచేతి మీదకి వస్తుంది. ఆవిడ కళ్లు సగం మూసుకుని, "దుంపలు కిలోకి ఒకటి తక్కువ" అంటుంది. కోడలు సంచి పట్టుకుని మళ్లీ మెట్లు దిగుతుంది. కూరగాయలాయన మారుమాట లేకుండా ఒక దుంప అందులో పడేసి, "మీ అత్తగారు చెప్పాక ఇంకేముందమ్మా" అంటాడు.

నానమ్మ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు తూకం దగ్గర పని చేసింది. కరెంటు కాటాలు వచ్చినప్పుడు ఇక ఆవిణ్ని ఇంటికి పంపేస్తారనుకున్నారు అందరూ. పంపలేదు సరికదా, రోజూ పొద్దున్నే ఆవిడ చేతిని బట్టే కాటాని సరిచేసుకునేవాళ్లు. చెడు కబురున్న ఉత్తరం ఏదైనా చేతిలోకి వస్తే, "ఇది బరువుగా ఉంది, ముందు ఇచ్చి రండి" అని పక్కన పెట్టేది. అలాంటి చెయ్యి ఇంకెవరికైనా వస్తుందేమోనని ఆవిడ చాలాకాలం చూసింది. లిఫ్టులు బాగుచేసే కొడుక్కి రాలేదు. పదేళ్ల మనవరాలు చిటికెకీ రాలేదు.

చిటికె ధ్యాసంతా 'ఇల్లూ వాకిలీ' మీద. ఫోన్లో ఎక్కడెక్కడివాళ్లో తలా ఒక బొమ్మగా చేరి ఆడే ఆట అది. అందులో ఒక ఇల్లు కట్టుకుని జంతువుల్ని పెంచాలి. బాతుపిల్లకి మేత వేస్తే నాలుగు నాణేలు, నీళ్లు పోస్తే రెండు, బడికి తీసుకెళ్తే ఏడు. యూనిఫాంలు కుట్టే అమ్మ మొదటిరోజే షరతులు పెట్టింది: రోజుకి ముప్పావుగంట. నిజం డబ్బు పెట్టి నాణేలు కొనకూడదు. పేరూ, బడీ, పాస్‌వర్డూ ఎవరికీ చెప్పకూడదు. ఎవరు ఏ లింకు పంపినా నొక్కకూడదు.

"మా క్లాసులో అందరూ కొనుక్కుంటారమ్మా."

"కొనుక్కోనీ. నీకు చేతులున్నాయిగా."

అలా చిటికె నాలుగు నెలలు బాతుల్ని మేపింది. పెద్దవి చేసి అమ్మింది, మళ్లీ పిల్లల్ని తెచ్చింది. చివరికి ఆ నాణేలన్నీ కూడబెట్టి రెక్కల దూడని తెచ్చుకుంది. తెచ్చుకున్న రోజున ఫోన్ని నానమ్మ చేతిలో పెట్టింది.

"మూడు కిలోల రెండొందలు," అంది నానమ్మ, భుజం కాస్త వంచి. "నిజంగా కష్టపడి సంపాదించినదే. డబ్బు పెట్టి కొన్నవాటికి ఇంత బరువుండదు."

ఆ మాటని చిటికె వారం రోజులు బళ్లో చెప్పుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆటలోని సంతలో దూడతో నిలబడి ఉండగా, ఊదా టోపీ పెట్టుకున్న బొమ్మ ఒకటి దగ్గరికొచ్చింది.

"నీ దూడ బాగుంది. ముందు నాకివ్వు. నాకొక కిటుకు తెలుసు, రెండు చేసి ఇస్తాను."

చిటికె దూడ వంక చూసుకుంది. రెండు! ఆ ఆటలో బేరమంటే ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఇద్దరూ తమ వస్తువులు అందులో పెట్టాలి, ఇద్దరూ చూసుకోవాలి, ఇద్దరూ రెండుసార్లు సరేనని నొక్కాలి. ఇక్కడ ఇటువైపు దూడ, అటువైపు ఏమీ లేదు. వేలు మాత్రం బటన్ దాకా వెళ్లింది.

"నానమ్మా, ఒక్కసారి చెయ్యి పట్టు!"

నానమ్మ ఫోన్ని అరచేతిలో పెట్టుకుంది. "అటువైపు ఖాళీ సంచి. అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారు నీకు."

చిటికె వేలు వెనక్కి తీసుకుని కిటికీ మూసేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆట నడిపేవాళ్లకి రిపోర్ట్ కొట్టెయ్," అంది అమ్మ, మిషను ఆపకుండానే.

"ఉండమ్మాయ్," అంది నానమ్మ. ఆవిడ ఇంకా ఫోన్ దించలేదు. "సంచి ఖాళీయే. పట్టుకున్న చెయ్యి మాత్రం పిల్లది. ఆ పిల్ల ఇరవై ఆరు కిలోలుంటుందేమో. గుండె మీద ఇంకో అయిదు కిలోలు మోస్తోంది."

మిషను ఆగింది.

చిటికె సంతలో అందరికీ కనబడేలాగే రాసింది: "నువ్వు కూడా కిటికీలో ఏదైనా పెట్టందే నేను బేరం చెయ్యను. నీ దగ్గర కూడా ఎవరైనా ఇలాగే తీసుకున్నారా?"

ఊదా టోపీ నుంచి జవాబొచ్చింది.

"నా పులిపిల్లని. నల్ల కళ్లద్దాలు అని ఒకడు. పదిమంది దగ్గర జంతువుల్ని తెచ్చిస్తే తిరిగిస్తానన్నాడు. నువ్వు మూడోదానివి."

"ముందు ఇద్దరు ఇచ్చారా?"

"ఒకరిచ్చారు. ఏడ్చారు."

అమ్మ లేచొచ్చి ఫోన్ తీసుకుని రాసింది. "పాపా, నేను ఈ దూడని పెంచే పిల్ల అమ్మని. ఇప్పుడే ఆట ఆపి మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పు."

"మా అమ్మ తిడుతుంది."

"తిడతాం. రెండు నిమిషాలు తిడతాం. ఆ తర్వాత వింటాం. వెళ్లు."

ఊదా టోపీ మాయమైంది. అమ్మ నల్ల కళ్లద్దాల పేరు రాసి, జరిగిందంతా ఆట నడిపేవాళ్లకి పంపింది. చిటికె అడక్కుండానే ఆ రోజు ఫోన్‌ని గంటన్నరసేపు కూతురి చేతిలోనే ఉండనిచ్చింది.

పదిరోజులకి ఊదా టోపీ మళ్లీ సంతకొచ్చింది. నల్ల కళ్లద్దాలని ఆటలోంచి గెంటేశారట. ఏడ్చిన పాప కుందేలు ఆ పాపకి చేరిందట. పులిపిల్ల మాత్రం అప్పటికే ఎన్నో చేతులు మారిపోయి దొరకలేదు.

"అమ్మ ఎంతసేపు తిట్టింది?" అని అడిగింది చిటికె.

"పదకొండు నిమిషాలు."

చిటికె పకపకా నవ్వింది. తర్వాత, "నా దూడ నీకివ్వనా?" అని రాయబోయి, నానమ్మ వంక చూసింది. నానమ్మ తల అడ్డంగా ఊపింది.

"పులిని పెంచిన పిల్లే అది. దానం చేసి చిన్నబుచ్చకు. బేరం చెయ్యి."

ఊదా టోపీ దగ్గర మిగిలింది ఒక కోడిగుడ్డు. చిటికె ఒక బాతుపిల్లని కిటికీలో పెట్టింది. ఇద్దరూ చూసుకున్నారు. రెండుసార్లు నొక్కారు. "గ్రాముకి గ్రాము సరి," అంది నానమ్మ తృప్తిగా, పార్సిల్ మీద ముద్ర వేసినట్టు.

ఆ తర్వాత రెండు బొమ్మలూ పక్కపక్కనే బాతుల్ని మేపుకున్నాయి. అసలు పేర్లు అడగలేదు, చెప్పలేదు. ఒకరోజు సంతలో ఒక బుడ్డోడు కుక్కపిల్లని ఎవరికో ముందుగా ఇచ్చేయబోతుంటే, చిటికె కంటే ముందు ఊదా టోపీ పరిగెత్తింది. "ఇవ్వకు! అటువైపు ఖాళీ!" అని అరిచింది.

"వాళ్లింకా కిటికీయే తెరవలేదు కదా. నీకెలా తెలుసు?" అని అడిగింది చిటికె.

"ఏమో. ఈ మధ్య ఫోన్ పట్టుకుంటే చేతికి తెలుస్తోంది. పొద్దున మా అమ్మ పాల ప్యాకెట్ ఇస్తే యాభై గ్రాములు తక్కువన్నాను. కొట్టుకెళ్లి తూచాం. యాభయ్యే."

చిటికె ఆ మాటల్ని నానమ్మకి చదివి వినిపించింది. నానమ్మ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో మెల్లగా నిమిరింది. కళ్లు మెరిశాయి.

"ఏ చెయ్యట? అడుగు."

"కుడిచెయ్యేనట." చిటికె మూతి ముడిచింది. "ఎవరో పిల్లకి వచ్చింది. నాకెందుకు రాలేదు?"

"నీకెందుకే? దాని గుండె మీద ఎంత బరువుందో నేను చెప్పగలిగాను, అంతే. ఎందుకని అడిగింది నువ్వు. ముప్పై ఒక్క ఏళ్లలో నేనెవర్నీ అడగలేదు."

మిషను దగ్గర అమ్మ దారం తెంపి, ఇటు తిరిగి కూతుర్ని చూసింది. ముప్పావుగంట అయిపోయినా ఫోన్ అడగలేదు.

చిటికె వెన్ను నిటారుగా పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది: "మా నానమ్మకీ అంతే. భయపడకు. రేపు పొద్దున మొదట చిన్నవి తూచి చూడు. ఉల్లిపాయలతో మొదలుపెట్టమంటోంది."