నీళ్ళు వచ్చేదాకా

పడవ అడుగున నిలిచిన నీళ్ళను రేకుడబ్బాతో తోడి బయట పోస్తున్నాడు నిదానం. డబ్బా నిండిందో లేదో చూడడు, బరువును బట్టి చేతికే తెలిసిపోతుంది. తోడిన నీళ్ళు బురద మీద సన్నగా పారి ఎక్కడో ఇంకిపోతున్నాయి. తెల్లవారుజామున వెనక్కి తీసిన ఏరు ఇంకా తిరిగి రాలేదు. మడచెట్ల వేళ్ళన్నీ బయటపడి ఉన్నాయి.

అతని అసలు పేరు పడవల సంఘం రిజిస్టరులో ఉంది. అరవై ఆరేళ్ళలో ఎవరి మీదా గొంతు పెంచలేదు, ఏ పనికీ పరుగెత్తలేదు. పెళ్ళి మాట కూడా చూద్దాం చూద్దాం అంటుండగానే దాటిపోయింది. అందుకని చుట్టుపక్కల వాళ్ళు పెట్టిన పేరే మిగిలింది. ఈ పొద్దున లేచినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకున్నందుకేనని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"మామయ్యా, ఆఫీసరు అప్పుడే వచ్చేశాడు," అంది గట్టు మీద నుంచి మేనకోడలు. సంఘానికి కార్యదర్శి ఆమే. "ఇంకా ఏడున్నరే. నీళ్ళు పదిన్నరకి గానీ రావు కదా."

"రావు."

"మరి ఏం చేద్దాం?"

"కూర్చోబెడదాం."

చేపలు తగ్గిపోయి పడవలన్నీ గట్టు మీద బోర్లా పడి ఉన్న రోజుల్లో, బయటివాళ్ళకు ఈ మడ అడవి చూపిద్దామని పదకొండు ఇళ్ళవాళ్ళను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది ఆమే. ఇంజన్లు ఉండవు, గెడ వేసి నడిపే పడవలే. మూడేళ్ళుగా ఏదో బండి నడుస్తోంది. ఇప్పుడో కంపెనీ ఇంజను పడవలతో వస్తానంటోంది. ఈ పాయ ఎవరి చేతిలో ఉండాలో తేల్చడానికి పై ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. ఆయన ఇవాళ చూసిందే రాసుకుపోతాడు. తేడా వస్తే పదకొండు పడవలూ మళ్ళీ బోర్లా పడతాయి, వాటిలో నిదానం పడవ కూడా. పడవలో తప్ప ఇంకెక్కడ కూర్చున్నా అతనికి పరాయి ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

అధికారి ముందే రావడంలో ఆయన తప్పేమీ లేదు. 'నీళ్ళు రాగానే పడవ బయల్దేరుతుంది' అని రేవు దగ్గర బోర్డు పెట్టారు. ఎప్పుడొస్తాయో రాయలేదు. కమిటీలో తొమ్మిది మంది ఆ బోర్డు చదివి బాగుందన్నారు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని మనిషి కూడా భూమ్మీద ఉంటాడని ఆ తొమ్మిది మందిలో ఒక్కరికీ తట్టలేదు.

అధికారి బురదను చూశాడు. గడియారం చూసుకున్నాడు. "కంపెనీవాళ్ళు పాయ లోతుగా తవ్విస్తారట. ఏ వేళకైనా పడవ నడుస్తుందట," అన్నాడు. మేనకోడలి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పడవ ఎక్కండి సార్," అన్నాడు నిదానం.

"బురదలో ఉంది కదా?"

"ఉండనివ్వండి. కూర్చుందురు గాని."

బురద మీద పరిచిన పలకల మీదుగా నడిచి, వేరే దారి లేక ఎక్కాడాయన. నిదానం వెనక కొసన కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు చెప్పమని పిట్టల పేర్లు కొన్ని నేర్పించారు గానీ అతనికి నోరు తిరగలేదు. అరగంట సేపు అధికారి ఫోను అటూ ఇటూ తిప్పి, సిగ్నల్ అందక జేబులో పెట్టేశాడు. అప్పుడు బురద కదిలింది. సన్నని రంధ్రాల్లోంచి, ఒక చెయ్యి మాత్రం పెద్దగా ఉన్న చిట్టి పీతలు వందలుగా బయటికొచ్చి, రమ్మంటున్నట్టు ఆ చెయ్యి ఊపసాగాయి. వాటి మధ్యలో వేలెడంత చేపలు రెక్కల మీద డేకుతూ వెళ్తున్నాయి.

"వీటినేమంటారు?"

"మేం పేరు పెట్టలేదు సార్. తినం కదా."

అధికారి నవ్వి బూట్లు విప్పాడు. బురద ఎక్కడికక్కడ చిటపటమంటోంది. దూరంగా సముద్రపు హోరు ఒకసారి వినిపించి ఒకసారి ఆగుతోంది. ఏ వేళయిందో చెప్పలేని వెలుతురు. కాసేపటికి అధికారి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఎన్నాళ్ళ నిద్ర బాకీ ఉన్నాడో పాపం అనుకున్నాడు నిదానం. ఎండ ఆయన మొహం మీదికి రాగానే గొడుగు విప్పి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి లేవలేదు. గంటసేపు కుడి చేత్తోనే పట్టుకున్నాడు.

నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. పీతలు లోపలికి పోయాయి, రంధ్రాలు మెరిశాయి, వేళ్ళు పొట్టివయ్యాయి. పడవ ముందు ఊపిరి పీల్చుకుంది, తర్వాత నేలను వదిలింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల సార్లు లేచిందో గానీ, ఆ క్షణాన నిదానానికి కడుపులో సంతోషం పొంగకుండా ఎన్నడూ లేదు. అధికారి ఉలిక్కిపడి లేచాడు.

"ఎప్పుడు బయల్దేరాం?"

"ఇంకా బయల్దేరలేదు సార్. నీళ్ళొచ్చాయి."

చెట్లు పైన కలుసుకున్న ఇరుకు దారుల్లో, కుడి చెయ్యి బలంతోనే గెడ వేస్తూ తిప్పాడు. అధికారి నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకు తిరిగొచ్చాక గట్టు మీద బల్ల దగ్గర కూర్చుని అధికారి కాగితాల మీద సంతకం పెట్టాడు. "తవ్వితే ఆ పీతలుండవు," అన్నాడు. "మీరే నడుపుకోండి. ఆ బోర్డు మీద మాత్రం టైము రాయండమ్మా."

"రోజురోజుకీ ముప్పావుగంట జరుగుతుంది సార్."

"అయితే రోజూ రాయండి."

మేనకోడలు గట్టు చివరిదాకా పరుగెత్తింది. "మనకే ఇచ్చారు మామయ్యా."

"మంచిది," అన్నాడు నిదానం. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వు."

"అన్నం తిందువుగాని రా."

"పడవ కడిగి వస్తా."

పదకొండు ఇళ్ళవాళ్ళూ వచ్చి చుట్టుముట్టారు. వాళ్ళ సందడిలో ఆమెకు పొద్దు తెలియలేదు. రోజూ బోర్డు మీద టైము ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు, ఇంకెవరు రాస్తారు, మామయ్యే అంది. కూర్చుని చేసే పని. ఇక గెడ పట్టక్కర్లేదు. ఆ మాట తనే స్వయంగా చెప్పాలని సాయంత్రం రేవుకు వచ్చింది.

ఏరు మళ్ళీ వెనక్కి తీసింది. పడవ ఎటూ ఒరగకుండా బురద మీద దిగి ఉంది. కడిగిన పలకల మీద నిదానం తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. పిట్ట రెక్క విదిల్చినా లేచే మనిషి లేవలేదు. పడవలోకి దిగి, చల్లబడిన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. చెప్పాలనుకున్నది మెల్లగా చెప్పింది. "రేపు పదకొండుంపావుకి అని రాయాలి మామయ్యా." అప్పుడు ఏడుపొచ్చింది.

నలుగురు వచ్చి అతన్ని మోసుకెళ్ళారు. ఆమె వెనకే గట్టెక్కి ఒకసారి తిరిగి చూసింది. తాడు పొట్టిగా కడితే, నీళ్ళు లేచినప్పుడు పడవ ముక్కు మునిగిపోతుంది. పడుకునే ముందే అతను పడవను గుంజకు కట్టేశాడు. రాత్రి పోటుకు చాలినంత తాడు వదిలాడు. అది బురద మీద మూడు చుట్లుగా, ఇంకా తడిగా పడి ఉంది.