ఫ్లైఓవర్ ఎక్కని కారు

మాసబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ సగం ఎక్కాక కారు మళ్ళీ రొప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు భూపాల్ యాక్సిలరేటరు అదిమాడు. ఎంత తొక్కినా వేగం పెరగలేదు సరికదా, ఉన్నదీ తగ్గింది. మూడో గేరు, రెండో గేరు, రెండు కుదుపులు, అంతే. వెనకనుంచి బస్సు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

వెనక సీట్లో కమలకుమారి తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. నాలుగు గంటలు డయాలసిస్ మిషను దగ్గర పడుకుని వచ్చిన మనిషి. కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు. పక్కనే కూర్చున్న ఆమె భర్త అమరేశ్వరరావు కిటికీలోంచి ఒకసారి కిందికి చూసి, భార్య చెయ్యి అందుకున్నాడు.

"ఏం కాదమ్మా, జర ఆగితే మళ్ల చాలూ అయితది" అన్నాడు భూపాల్. ఈ మాట అనడం ఈ మూడు వారాల్లో మూడోసారి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

విచిత్రమేమిటంటే పది నిమిషాలు ఊరుకుంటే కారు ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. నాంపల్లిలో ఇద్దరు మెకానిక్కులకు చూపించాడు. ఒకడు ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, ఇంకొకడు డీజిల్ ఫిల్టర్ కొత్తది వేశాడు. ఇద్దరి దగ్గరా కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. ఇద్దరూ భూపాల్ వైపే అనుమానంగా చూశారు, నడపడం వచ్చా నీకు అన్నట్టు.

గన్‌ఫౌండ్రీలోని ఇంటికి చేరి కమలకుమారిని మంచం మీద పడుకోబెట్టేసరికి అమరేశ్వరరావు ఫోను మోగింది. అన్న కొడుకు భానుతేజ. పెద్దాయనకు వినికిడి తక్కువ, ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. గుమ్మం దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడ్డ భూపాల్‌కు ప్రతి మాటా వినబడింది.

"ఆ పాత కారు కొనొద్దని అప్పుడే చెప్పాను బాబాయ్. అమ్మినవాడు ఆ డ్రైవర్ మనిషే కదా. ఇద్దరూ కలిసి మీకు అంటగట్టారు. ముందు డ్రైవర్ని మార్చండి."

అమరేశ్వరరావు ఫోను పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ముప్పైయేళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు. అదే భూపాల్‌కు ఎక్కువ భయం.

"సోమవారం ఆరున్నరకి మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాలి భూపాల్. ఈలోపల ఏంటో తేల్చు. తేలకపోతే కారు అమ్మేస్తాను. నువ్వు కూడా ఇంకోచోట చూసుకుందువుగాని."

భూపాల్‌కు తల కొట్టేసినట్టయింది. డ్రైవరు పని ఈ ఊళ్ళో ఇంకోటి దొరుకుతుంది. కానీ ఈ కారును చూసి, నడిపి, "కండ్లు మూస్కొని తీస్కోండి సార్, నాది జిమ్మేదారి" అని చెప్పింది తనే. ఒక్క పైసా తినలేదు. తినలేదని రుజువు చేయడం ఎట్లా? రెండేళ్ళుగా ఆ ఇంట్లో వాళ్ళు తనకు కాఫీ కూడా వాళ్ళు తాగే గ్లాసులోనే ఇస్తారు. కమలకుమారి తన పాత చీరలు చింపి, అంచులు కుట్టి మరీ కారు తుడవడానికి ఇస్తుంది. మొన్నటికి మొన్న డీజిల్ ముల్లు అబద్ధం చెప్పి నాంపల్లి స్టేషను ముందు బండి ఆగిపోతే, భూపాల్ బంకుకు ఉరికి డబ్బాలో డీజిల్ తెచ్చి, ఊళ్ళో బావికాడ ఆయిల్ ఇంజనుకు వాళ్ళ నాన్న బాలమల్లు పోసినట్టే గుడ్డ వేసి వడకట్టి మరీ పోశాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుతూనే ఉన్నాడు. అయినా ఆస్పత్రికి వేళకు చేర్చాడు. "మా భూపాల్ కాబట్టి సరిపోయింది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. అలాంటి మనిషి ఇవాళ తలుపు పిడి పట్టుకుని కూర్చుంది.

శనివారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్ వెళ్ళి విద్యాసాగర్ మీద పడ్డాడు. విద్యాసాగర్‌ది స్పేర్ పార్ట్స్ దుకాణం, భూపాల్ వాళ్ళ పక్క ఊరు. పన్నెండేళ్ళ కిందట చేతిసంచితో దిగిన భూపాల్‌కు ఆర్నెల్లు తన గదిలో చోటిచ్చిన మనిషి. ఈ కారు అమ్మిందీ ఆయనే.

"నన్ను ముంచినవ్ కదనే" అన్నాడు భూపాల్, దుకాణంలో నలుగురు ఉండగానే. "ఖరాబు బండి అంటగట్టి నా ఇజ్జత్ తీసినవ్."

విద్యాసాగర్ చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టాడు. "పెద్దసారు గూడ నిన్న రాత్రి ఫోన్ జేసి నోటికొచ్చినట్టు అన్నడు. పడ్డ. నువ్వు గూడ గట్లనే అంటున్నవా? బండి మంచిదే తమ్మీ. నాలుగు నెలలు మంచిగనే నడ్సింది గద. మూడు వారాల కింద ఏం జేసిన్రో యాద్ జేస్కో."

"ఏం జెయ్యలే."

"ఏదో ఒకటి చేసే ఉంటవ్."

"నీ దొంగతనం నా నెత్తిన రుద్దకు" అని భూపాల్ వచ్చేశాడు. మాట నోరు జారాక వెనక్కి చూడలేదు. చూస్తే ఆయన ముఖం కనపడుతుంది.

ఆదివారం చివరి ఆశగా నాంపల్లిలో పెద్ద మెకానిక్కు వెంకటేశం షెడ్డు తలుపు తట్టాడు. వెంకటేశానికి డెబ్బై దాటాయి, ఆదివారం పని ముట్టడు. భూపాల్ ముఖం చూసి ఏమనుకున్నాడో, టీ గ్లాసు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టాడు. బానెట్ వైపు కన్నెత్తి చూడలేదు. దవాఖానలో పెద్ద డాక్టరులాగ అడగడం మొదలుపెట్టాడు.

"ఖాళీగ పోతే ఆగుతదా, మనుషులుంటె ఆగుతదా?"

"మనుషులుంటెనే ఉస్తాద్. గది గూడ ఎక్కుడు కాడ."

"పొగ నల్లగొస్తదా?"

"పొగనే రాదు. ఊపిరి ఆడనట్టు అయితది."

"ఆగినంక ఎంతసేపటికి లేస్తది?"

"పది నిమిషాలు."

"గప్పటికి మెకానిక్ దగ్గరికి తెస్తవ్. ఆడికొచ్చేవరకు మంచిగుంటది" అన్నాడు వెంకటేశం. "జరం తగ్గినంక నాడి పట్టి ఏం లాభం? జరం ఉన్నప్పుడే పట్టాలె. నడ్వు."

పాత ఇనుప సామాను నింపిన రెండు గోనెసంచులు వెనక సీట్లో వేయించి, తను ముందు కూర్చున్నాడు. అబిడ్స్‌లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, పేవ్‌మెంట్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి, జనం వంగి వంగి చూస్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి కారు మెత్తగా పోతుంటే భూపాల్‌కు ఇంకో భయం పట్టుకుంది. ఇవాళ ఆగకపోతే? తనే అబద్ధాలకోరు అవుతాడు. కారు ఆగిపోవాలని మొక్కుకోవాల్సి వచ్చింది, ఏం చేస్తాం.

నౌబత్ పహాడ్ గుట్ట మొదటిసారి ఆగకుండా ఎక్కింది. "ఇంకోపారి" అన్నాడు వెంకటేశం. దిగి మళ్ళీ ఎక్కించారు. ఎక్కింది. భూపాల్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడోసారి సగంలో ఆ రొప్పు వినబడింది. రెండు కుదుపులు, ఆగింది.

"ఉరుకు, బానెట్ లేపు" అని వెంకటేశం ఆ వయసులో తనే ముందు దిగాడు. ఫిల్టరు దగ్గర, పైపు మధ్యలో చేత్తో డీజిల్ కొట్టే రబ్బరు బుడ్డి ఉంటుంది. అది ఎండిన ఖర్జూరపండులా లోపలికి ముడుచుకుపోయి ఉంది. భూపాల్ దాన్ని ఎన్నడూ అట్లా చూడలేదు.

"సూసినవా? ఇంజన్ గుంజుతుంది, ఎన్కనుంచి డీజిల్ వస్తలేదు. దీంట్ల దోషం లేదు. ట్యాంకుల ఏందో అడ్డం పడ్డది. నడ్సినప్పుడు పైపు మూతికి అతుక్కుంటది, ఆగినంక ఊడి కిందికి పోతది."

ఇద్దరూ చూస్తుండగానే బుడ్డి నెమ్మదిగా గాలి నింపుకున్నట్టు గుండ్రంగా తేరుకుంది. భూపాల్ దాన్ని వేలితో నొక్కి చూశాడు. మూడు వారాలు తన ప్రాణం తోడింది ఇదేనా?

షెడ్డుకు తెచ్చి, వెనక సీటు లేపి, ట్యాంకు మూత విప్పారు. వెంకటేశం తీగను కొక్కెంలా వంచి లోపల తడిమాడు. రెండుసార్లు ఖాళీగా వచ్చింది. మూడోసారి మెల్లగా లాగితే జానెడు గుడ్డ, డీజిల్ కారుతూ బయటికొచ్చింది. పాత బనీనుతో తుడిచి వెలుతురులో పట్టుకున్నాడు. నీలం మీద తెల్లగళ్ళు, అంచున చేత్తో వేసిన కుట్టు.

భూపాల్ ఆ కుట్టును గుర్తుపట్టాడు. నాంపల్లి స్టేషను ముందు, ఒక చేత డబ్బా, ఒక చేత గుడ్డ, కానిస్టేబుల్ ఈల. పోసి మూత బిగించాక గుడ్డ కనపడలేదు. గాలికి రోడ్డు మీద పడిందనుకున్నాడు. డీజిల్‌లో నలుసు పోకూడదని అంత జాగ్రత్తపడి, ఏకంగా గుడ్డనే లోపల పడేశాడు. విద్యాసాగర్ అడిగిన మూడు వారాల కిందటి పని ఇదే. దానికి తను ఇచ్చిన జవాబు, నీ దొంగతనం నా నెత్తిన రుద్దకు అని.

వెంకటేశం అతని ముఖం చూసే అర్థం చేసుకున్నాడు. "పాత ఓనర్ జమానాది అని చెప్పు. ఎవరికెర్క? ఉన్న నౌకరి పోగొట్టుకుంటవా?"

అట్లా చెబితే అంతా సుఖంగా సర్దుకుంటుంది. కారు బాగైంది, పని నిలుస్తుంది, భానుతేజ నోరు మూస్తాడు. విద్యాసాగర్ మాత్రం దొంగగా మిగిలిపోతాడు. భూపాల్ గుడ్డను ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాడు. గన్‌ఫౌండ్రీ దాకా పక్క సీట్లో ఆ కవరు వైపు చూడకుండా నడిపాడు. ఇంటిముందు బండి ఆపాడు. రెండుసార్లు మెట్లెక్కి దిగాడు.

అమరేశ్వరరావు పేపరు చదువుతున్నాడు. కమలకుమారి దిండుకు ఆనుకుని కూర్చుంది. భూపాల్ కవరు విప్పి నేలమీద పెట్టాడు. గది నిండా డీజిల్ వాసన.

"దొరికింది సార్. ట్యాంకుల ఈ గుడ్డ ఉన్నది. పాతోళ్ళది గాదు. నేనే ఏసిన. స్టేషన్ కాడ డీజిల్ పోసిన్నాడు వడగట్టిన గద, అప్పుడు జారింది. నాకు ఎర్కలే. విద్యాసాగరన్న తప్పు ఏం లేదు. నేనే ఆయన్ని నానా మాటలన్న." ఒక్క గుక్కలో చెప్పేసి తలుపు చట్రం పట్టుకున్నాడు.

పెద్దాయన పేపరు మడిచాడు. కమలకుమారి ముందుకు వంగి ఆ గుడ్డను చూసింది.

"నా చీరే" అంది. "అది లోపలికి జారడం నేను చూశాను, కారు అద్దంలో."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అలాగే వేస్తారేమో అనుకున్నాను. లోపల వడకడుతుంది కాబోలని. అడుగుదామంటే ఆ పూట నాకు నోరు పెగల్లేదు. తరవాత మర్చిపోయాను."

అమరేశ్వరరావు భార్య వైపు, గుడ్డ వైపు, భూపాల్ వైపు వరసగా చూశాడు. నవ్వాలో కోప్పడాలో తేలని ముఖం. అప్పుడే ఫోను మోగింది. స్పీకర్లో భానుతేజ, "ఏమైంది బాబాయ్, దొరికిందా? ఎవరి తప్పట?"

భూపాల్ నేలకేసి చూశాడు.

"గుడ్డముక్క అడ్డం పడిందిరా" అన్నాడు పెద్దాయన. "మా ఇంటిదే. మేమే వేసుకున్నాం."

ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "రేపు ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు అఫ్జల్‌గంజ్ మీదుగా పోనివ్వు భూపాల్. ఆ విద్యాసాగర్‌ని ఫోన్లో నేనూ అనరాని మాటలన్నాను. ఇద్దరం వెళ్దాం."

భూపాల్ ఔనని తలూపాడు.

సోమవారం ఆరున్నరకు బయలుదేరారు. మాసబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ మొదట్లో ముగ్గురూ మాటలు ఆపేశారు. భూపాల్ అద్దంలో వెనక్కి చూశాడు. కమలకుమారి చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. కారు మూడో గేరులోనే నడిమిదాకా పోయింది, పైకి చేరింది, అవతలికి దిగింది. అప్పుడామె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈసారి డీజిల్ అయిపోతే గుడ్డను తాడుతో కట్టుకో నాయనా" అంది.